'గెట్' ఎక్కడ, ఎలా వాడాలి: పది రోజుల్లో నోటికి పట్టే పద్ధతి

వైజాగ్ బీచ్ రోడ్డులో ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే కుర్రాడు మా స్పోకెన్ ఇంగ్లిష్ సాయంత్రం బ్యాచ్‌కి వస్తాడు. ఒకరోజు గెస్టు ఒకాయన నలిగిన చొక్కా పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చి "కెన్ ఐ గెట్ దిస్ ఐరన్డ్?" అని అడిగాడట. మనవాడు "ష్యూర్ సార్" అంటూ పరుగెత్తుకెళ్లి ఇస్త్రీ పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. గెట్ అంటే తేవడం, ఐరన్ అంటే ఇస్త్రీ పెట్టె. రెండూ తెలిసిన మాటలే. ఆయన ఓ చేతిలో చొక్కా, ఓ చేతిలో పెట్టె పట్టుకుని అలా నిలబడిపోయాడు పాపం. ఆయన అడిగింది "దీన్ని ఇస్త్రీ చేయించగలరా" అని.

"మాస్టారూ, ఈ గెట్‌కి ఎన్ని అర్థాలున్నాయో లిస్టు ఇచ్చేయండి, బట్టీ కొట్టేస్తాం" అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. ఆ లిస్టు నేనివ్వను. డిక్షనరీలో డజన్ల కొద్దీ ఉంటాయి. బట్టీ కొట్టినవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు తడుముకుంటూనే ఉంటారు. ఎందుకంటే గెట్ అర్థం గెట్‌లో ఉండదు, దాని పక్కన వచ్చే మాటలో ఉంటుంది. ఆ పక్క మాటను పట్టుకోవడం ఎలాగో ఒక వరుసలో చెబుతాను.

1. మొదలుపెట్టే ముందు

కావలసినవి ఇవే:

- ఒక రూళ్ల నోట్‌బుక్. అందులో ఆరు పేజీలు విడిగా పెట్టండి.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్.
- రోజుకు 20 నిమిషాలు. ఒకేరోజు రెండు గంటలు కూర్చుని తర్వాత వారం వదిలేస్తే లాభం లేదు.
- మీరు నిన్న, మొన్న నిజంగా మాట్లాడిన తెలుగు వాక్యాలు 30.

చివరిదే అసలు సరుకు. "బస్సు దొరకలేదు", "ఫోన్ రిపేర్ చేయించాను", "వానకి తడిసిపోయాను" లాంటివి రాసుకోండి. పుస్తకాల్లో జాన్, మేరీ మాట్లాడుకునే వాక్యాలు వద్దు. వాళ్ల బతుకు మనది కాదు కాబట్టి అవి నోటికి రావు.

రూపాలు మూడు గుర్తుంటే చాలు: గెట్, గాట్, గెటింగ్. అమెరికా వాళ్ల నోట "గాటెన్" వినిపిస్తే కంగారు పడకండి. వీ3 రూపాన్ని (గో, వెంట్, గాన్‌లో 'గాన్' లాంటి మూడో రూపం) వాళ్లు చాలాచోట్ల అలా అంటారు. మీరు గాట్ అంటే సరిపోతుంది.

2. పక్కన ఏముందో చూడండి

నోట్‌బుక్‌లోని ఆరు పేజీలకు ఈ ఆరు పేర్లు పెట్టండి:

- గెట్ + వస్తువు: దొరకడం, రావడం, కొనడం, తేవడం.
- గెట్ + గుణం చెప్పే మాట: అవ్వడం, మారడం.
- గెట్ + చోటు: చేరడం.
- గెట్ + వస్తువు + వీ3: చేయించడం.
- గెట్ + మనిషి + టు + పని: ఒప్పించి చేయించడం.
- గెట్ + ఆన్, ఆఫ్, అప్ లాంటి చిన్న మాట: ఒక్కోదానికి ఒక్కో అర్థం.

ఇప్పుడు మీ 30 వాక్యాల్లో ఏది ఏ పేజీలోకి వెళ్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఇంగ్లిష్ అప్పుడే రాయకండి. కొన్ని ఏ పేజీలోకీ వెళ్లవు. వాటికి గెట్ అక్కర్లేదన్నమాట.

3. 'నాకు'ని 'నేను' చేయండి

మనవాళ్ల తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. తెలుగులో "నాకు ఉద్యోగం వచ్చింది" అంటాం. వచ్చింది ఉద్యోగం, నేను ఊరికే అందుకునేవాణ్ణి. ఇంగ్లిష్‌లో ఇదే మాటకు నేను ముందుకు రావాలి: "ఐ గాట్ ఎ జాబ్." తెలుగు వరుసనే దించేస్తే "జాబ్ కేమ్ టు మీ" అవుతుంది. అది వినేవాడికి ఉద్యోగం కాళ్లతో నడిచొచ్చినట్టు ఉంటుంది.

- నాకు ఫోన్ వచ్చింది: "ఐ గాట్ ఎ కాల్."
- నాకు సీటు దొరికింది: "ఐ గాట్ ఎ సీట్."
- మాకు కొరియర్ అందింది: "వుయ్ గాట్ ద కొరియర్."
- నాకు జ్వరం వచ్చింది: "ఐ గాట్ ఎ ఫీవర్."
- నాకు అర్థమైంది: "ఐ గాట్ ఇట్."

అయితే ప్రతి 'నాకు'కీ గెట్ తగిలించకండి. వచ్చింది, దొరికింది, అందింది, తగిలింది అంటే ఏదో జరిగింది, అక్కడ గెట్ పనికొస్తుంది. ఉంది, తెలుసు, కావాలి, ఇష్టం అంటే ఏమీ జరగలేదు, ఉన్నది ఉన్నట్టే ఉంది. అక్కడ గెట్ వద్దు. "నాకు తెలుసు" అంటే "ఐ నో", అంతే.

దీనికి ఒక్క మినహాయింపు. "ఐ హ్యావ్ గాట్ టూ టికెట్స్" అంటే నా దగ్గర రెండు టికెట్లు ఉన్నాయని. హ్యావ్ గాట్ కలిసి వస్తే 'ఉంది' అని అర్థం చేసుకోండి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఫిషింగ్ హార్బర్ పక్కనుంచి వెళ్తూ "చేపల వాసన వస్తోంది" అనడానికి "ఐయామ్ గెటింగ్ ఫిష్ స్మెల్" అంటాం. 'వస్తోంది' ఉంది కాబట్టి గెట్ అనుకుంటాం. ఇంగ్లిష్ వాళ్లు "ఐ కెన్ స్మెల్ ఫిష్" అంటారు. చూడడం, వినడం, వాసన తగలడం లాంటి వాటికి "కెన్" పెట్టడం అలవాటు చేసుకోండి.

4. కోపం, నిద్ర, ఆకలి: ఇక్కడ మాట రూపమే మారాలి

తెలుగులో కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, భయం వేస్తుంది. కోపం, నిద్ర, భయం మనకు నామవాచకాలు. ఇంగ్లిష్‌లో గెట్ పక్కన ఇవి విశేషణాలుగా మారిపోవాలి. స్లీప్ కాదు స్లీపీ, యాంగర్ కాదు యాంగ్రీ. ఈ ఒక్కటీ పట్టుబడితే ఎన్నో వాక్యాలు వాటంతటవే సర్దుకుంటాయి.

- "ఐయామ్ గెటింగ్ స్లీప్" తప్పు. "ఐయామ్ గెటింగ్ స్లీపీ" అనండి.
- "ఐ గాట్ టెన్షన్" తప్పు, "ఐ గాట్ టెన్స్‌డ్" కూడా తప్పే. "ఐ గాట్ టెన్స్" లేదా "ఐ గాట్ నర్వస్" అనండి.
- "ఐయామ్ గెటింగ్ బోర్" తప్పు. చివర డ్ ఉండాలి: "బోర్డ్."
- "ఐ గాట్ కన్ఫ్యూజ్" తప్పు. ఇక్కడా డ్ మింగేయకండి: "కన్ఫ్యూజ్డ్."

ఈ డ్ మింగేసే అలవాటు వినేటప్పుడు మనకే తెలియదు. అందుకే రికార్డర్ పెట్టమన్నాను.

తెలుగులో 'పోవు' తోకతో వచ్చే క్రియలు ఇక్కడ బాగా సాయపడతాయి. తడిసిపోయాను అంటే "ఐ గాట్ వెట్." ఆర్కే బీచ్‌లో అల వచ్చి ప్యాంటు తడిసిపోయింది: "మై ప్యాంట్స్ గాట్ వెట్." ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కుపోయాం: "వుయ్ గాట్ స్టక్ ఎట్ ఎన్ఏడీ." పూర్ణా మార్కెట్ సందుల్లో దారి తప్పిపోయాను: "ఐ గాట్ లాస్ట్." అలిసిపోయాను: "ఐ గాట్ టైర్డ్." అలాగని మర్చిపోయాను, వెళ్లిపోయాను అన్నవాటికి గెట్ పెట్టకండి. వాటికి ఫర్గాట్, లెఫ్ట్ అని సొంత మాటలున్నాయి.

"ఐయామ్ గెటింగ్ లేట్" సంగతి విడిగా చెప్పాలి. నేను కూడా ఏళ్ల తరబడి అన్నదే. "నాకు లేటవుతోంది"ని దించేస్తే వచ్చేది ఇదే. మన దేశంలో ఎవరూ తప్పు పట్టరు గానీ, బయటివాళ్లకు వింతగా ఉంటుంది. పొద్దుపోతోంది అనడానికి "ఇట్స్ గెటింగ్ లేట్." నాకే ఆలస్యమవుతోంది అనడానికి "ఐయామ్ రన్నింగ్ లేట్."

ఉద్యోగాల పేర్ల ముందు గెట్ వాడకండి. "ఐ వాంట్ టు గెట్ ఎ డాక్టర్" అంటే నేను డాక్టర్ని అవుతానని కాదు, డాక్టర్ని పిలుచుకురావాలని. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుంటారు. డాక్టర్ అవ్వాలనుకుంటే "బికమ్" వాడండి.

పెళ్లి మాట: "గాట్ మ్యారీడ్ విత్" కాదు, "గాట్ మ్యారీడ్ టు."

5. చోటు

ఇది చిన్నదే. "హౌ డు ఐ గెట్ టు ద సబ్‌మెరైన్ మ్యూజియం?" అని టూరిస్టు అడిగితే దారి చెప్పమని. చోటు పేరు ముందు టు వస్తుంది: గెట్ టు గాజువాక, గెట్ టు ద స్టేషన్. హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం టు రాదు: "ఐ గాట్ హోమ్ ఎట్ నైన్."

గెట్ బదులు రీచ్ వాడితే టు ఎక్కడా వద్దు. "రీచ్‌డ్ టు వైజాగ్" అనేది మన ఆఫీసుల్లో ఎంత పాతుకుపోయిందో చెప్పలేను.

6. ఎక్కడం, దిగడం

లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగితే ఆన్, ఆఫ్. బస్సు, రైలు, విమానం, ఓడ. తలవంచి దూరి కూర్చోవాల్సి వస్తే ఇన్, అవుట్ ఆఫ్. కారు, ఆటో. బైక్ మీద కాలు వేసి కూర్చుంటాం కాబట్టి మళ్లీ ఆన్, ఆఫ్.

- "వుయ్ గాట్ ఆన్ ద కిరండూల్ ట్రైన్ అండ్ గాట్ ఆఫ్ ఎట్ అరకు."
- "షి గాట్ ఇన్ ఏన్ ఆటో ఎట్ మద్దిలపాలెం."
- "హి గాట్ అవుట్ ఆఫ్ ద కార్ ఎట్ జగదాంబ."

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగడానికి మనందరం "గెట్ డౌన్" అంటాం. కండక్టరు దగ్గర అదే వాడండి, పని జరుగుతుంది. బయటి దేశాల్లో మాత్రం "గెట్ డౌన్" అంటే చెట్టు మీంచో గోడ మీంచో కిందికి దిగమని, లేదంటే ప్రమాదం వస్తోంది, కిందికి వంగమని. బస్సులో అలా అరిస్తే తోటి ప్రయాణికులు ఉలిక్కిపడతారు.

7. చేయించడం: అసలు కిటుకు ఇక్కడుంది

మన ఇస్త్రీ పెట్టె కుర్రాడు బోల్తా పడింది ఇక్కడే. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు చాలామంది ఈ భాగానికి భయపడతారు. తెలుగువాళ్లు భయపడాల్సిన పని లేదు. మనకు 'ఇంచు' ఉంది. చేయడం వేరు, చేయించడం వేరు అని మూడేళ్ల పిల్లకి కూడా తెలుసు. ఇంగ్లిష్‌కి ఆ తోక లేదు, ఆ పని గెట్ చేస్తుంది.

వరుస ఇది:

1) తెలుగు వాక్యం రాయండి: టైలర్ చేత జాకెట్టు కుట్టించాను.
2) పని చేసినవాళ్లను తీసేయండి: జాకెట్టు కుట్టించాను.
3) గెట్ రూపం పెట్టండి: "ఐ గాట్..."
4) వెంటనే వస్తువు: "ఐ గాట్ మై బ్లౌజ్..."
5) చివర పని వీ3లో: "ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్‌డ్."

మనవాళ్లు తారుమారు చేసేది 4, 5 మెట్లను. "ఐ గాట్ స్టిచ్‌డ్ మై బ్లౌజ్" అంటారు. వస్తువు మధ్యలో ఉండాలి, వీ3 తోకలా చివరికి పోవాలి. తెలుగు వాక్యంలోనూ క్రియ చివరే కదా, అలా గుర్తుపెట్టుకోండి.

- బండి సర్వీసింగ్ చేయించాను: "ఐ గాట్ మై బైక్ సర్వీస్‌డ్."
- పన్ను తీయించుకున్నాను: "ఐ గాట్ ఎ టూత్ పుల్డ్ అవుట్."
- ఆధార్‌లో అడ్రస్ మార్పించాను: "ఐ గాట్ మై అడ్రస్ చేంజ్‌డ్."
- 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక కిటికీ అద్దాలన్నీ మార్పించాం: "వుయ్ గాట్ ఆల్ ద విండో పేన్స్ రీప్లేస్‌డ్."

చివరి వాక్యం మా బ్యాచ్‌లో ఒకావిడది. ముందు ఆవిడ "వుయ్ రీప్లేస్‌డ్ ఆల్ ద గ్లాసెస్" అంది. గ్లాసెస్ అంటే కళ్లజోళ్లనుకుని నవ్వారంతా. "నవ్వండి, నవ్వండి, ఆ రాత్రి మా ఇంట్లో ఉండాల్సింది" అందావిడ. అందరూ గమ్మున అయిపోయారు. ఆ వాక్యం మాత్రం క్లాసులో ఎవరూ మర్చిపోలేదు.

జుట్టు దగ్గర తెలుగు కాస్త మోసం చేస్తుంది. సెలూన్‌కి వెళ్లొచ్చి కూడా "కటింగ్ చేసుకున్నా" అనేస్తాం చాలాసార్లు. దాన్నే దించితే "ఐ కట్ మై హెయిర్" అవుతుంది, అంటే అద్దం ముందు కత్తెర పట్టుకుని సొంతంగా కత్తిరించుకున్నారని. "ఐ గాట్ ఎ హెయిర్‌కట్" అనండి.

'ఇంచు' ఉన్న ప్రతి క్రియా చేయించడం కాదు. ప్రేమించు, ప్రయత్నించు, వివరించు, వీటిలో ఎవరి చేతా ఏమీ చేయించడం లేదు. అనుమానం వస్తే ముందు "ఫలానావాళ్ల చేత" అని పెట్టి చూడండి. "టైలర్ చేత కుట్టించాను" కుదిరింది. "టైలర్ చేత ప్రయత్నించాను" కుదరలేదు. కుదరనిచోట గెట్ వద్దు.

ఫోన్ పోతే ఏమనాలి? "మై ఫోన్ గాట్ స్టోలెన్" అనండి. "ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్" అంటే దొంగతనం మీరే చేయించినట్టు కూడా వినిపించవచ్చు. పోలీస్ స్టేషన్‌లో అయితే మరీ జాగ్రత్త.

ఇక చేసినవాళ్ల పేరు చెప్పాల్సి వస్తే వరుస మారుతుంది: గెట్ + మనిషి + టు + వీ1 (క్రియ మొదటి రూపం). "మావాడి చేత హోంవర్క్ చేయించాను" అంటే "ఐ గాట్ మై సన్ టు డు హిజ్ హోంవర్క్." ఇందులో బతిమాలో, బుజ్జగించో ఒప్పించిన వాసన ఉంటుంది. బలవంతంగా చేయిస్తే "మేడ్" వాడాలి, అప్పుడు టు పోతుంది: "ఐ మేడ్ హిమ్ డు ఇట్." గెట్‌కి టు ఉండాలి, మేక్‌కి ఉండకూడదు. ఈ రెండూ కలగాపులగం చేసేవాళ్లే ఎక్కువ.

8. చిన్న మాటల జత

యాభై నేర్చుకోవద్దు. ముందు ఈ ఏడు చాలు. మిగతావి వినగా వినగా వస్తాయి.

- గెట్ అప్: లేవడం.
- గెట్ బ్యాక్: తిరిగి రావడం. "వెన్ డిడ్ యు గెట్ బ్యాక్ ఫ్రమ్ హైదరాబాద్?"
- గెట్ బ్యాక్ టు: కనుక్కుని మళ్లీ చెప్పడం. "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు."
- గెట్ ఎలాంగ్ విత్: పొసగడం. అత్తాకోడళ్లకు బాగా పొసుగుతుంది: "దే గెట్ ఎలాంగ్ వెల్."
- గెట్ ఓవర్: బాధ నుంచో జబ్బు నుంచో తేరుకోవడం.
- గెట్ రిడ్ ఆఫ్: వదిలించుకోవడం.
- గెట్ బై: ఎలాగోలా నెట్టుకురావడం. "మై ఇంగ్లిష్ ఈజ్ నాట్ గ్రేట్, బట్ ఐ గెట్ బై."

"గెట్ యూజ్డ్ టు" అంటే అలవాటుపడడం. దీని తర్వాత క్రియ వస్తే 'ఇంగ్' తప్పనిసరి. వైజాగ్ ఉక్కపోతకి అలవాటుపడ్డాను: "ఐ గాట్ యూజ్డ్ టు ద హ్యుమిడిటీ." ఘాట్ రోడ్డులో బండి నడపడం అలవాటైంది: "ఐ గాట్ యూజ్డ్ టు డ్రైవింగ్ ఆన్ ద ఘాట్ రోడ్."

"వుయ్ గాట్ టు రైడ్ ద రోప్‌వే" అంటే కైలాసగిరిలో రోప్‌వే ఎక్కే అవకాశం దొరికిందని. ముందు హ్యావ్ చేరి "వుయ్ హ్యావ్ గాట్ టు గో" అయితే వెళ్లి తీరాలని. మాటల్లో ఆ హ్యావ్ దాదాపు వినపడదు, "గాటా" అని వినిపిస్తుంది. సందర్భం చూసి పట్టుకోవాలి.

9. గెట్ వద్దనుకోవాల్సిన చోట్లు

దరఖాస్తు, ఆఫీసు ఉత్తరం, పరీక్షలో వ్యాసం. అక్కడ గెట్ కాస్త వీధి భాషలా ఉంటుంది. "ఐ గాట్ యువర్ లెటర్" బదులు "ఐ హ్యావ్ రిసీవ్‌డ్ యువర్ లెటర్." అవ్వడానికి బికమ్, చేరడానికి అరైవ్, చేయించడానికి "హ్యావ్". పక్కింటి వాళ్లతోనో వాట్సాప్‌లోనో రిసీవ్‌డ్ అంటే మాత్రం కోర్టు నోటీసు చదువుతున్నట్టుంటుంది.

జవాబివ్వండి అనడానికి "ప్లీజ్ రివర్ట్" అనే ఆఫీసు అలవాటు ఉందే, దాని బదులు "గెట్ బ్యాక్ టు" ఎంతో నయం. ఇది నా సొంత చిరాకు, వదిలేయండి.

10. పది రోజుల వరుస

- 1వ రోజు: 30 తెలుగు వాక్యాలు రాసి ఆరు పేజీల్లోకి పంచండి.
- 2, 3: 'నాకు' వాక్యాలు. ప్రతిదీ మూడుసార్లు పైకి చదవండి.
- 4: గుణం చెప్పే మాటలు. డ్ వినిపిస్తోందో లేదో రికార్డ్ చేసి వినండి.
- 5: చోటు, ఎక్కడం, దిగడం. బస్సులో కూర్చుని మనసులో చెప్పుకోండి.
- 6, 7, 8: చేయించడం. మూడు రోజులూ దీనికే. ఇంట్లో ఈ ఏడాది చేయించిన పనులన్నీ రాయండి.
- 9: ఏడు చిన్న మాటలు.
- 10: గెట్ వాడకుండా నిన్నటి సంగతులు రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పండి. తర్వాత గెట్‌తో చెప్పండి. రెండూ విని చూసుకోండి.

11. తడబడితే

మాట మధ్యలో ఆగిపోతే ముందు తెలుగు క్రియ చివర చూడండి. 'వచ్చింది' ఉంటే 3వ అంశం, 'పోయింది' ఉంటే 4, 'ఇంచా' ఉంటే 7.

ఎదుటివాళ్లు గెట్ అన్నది అర్థం కాకపోతే "ఐయామ్ నాట్ గెటింగ్ యు" అనకండి. "సారీ, ఐ డిడ్‌న్ట్ గెట్ దట్" అనండి. లేదా రెండు అర్థాలూ పెట్టి తిరిగి అడిగేయండి.

మా రిసెప్షన్ కుర్రాడు ఇప్పుడు చేసేది అదే. మొన్న ఇంకో గెస్టు చొక్కా పట్టుకుని వస్తే "షల్ ఐ గెట్ ఇట్ ఐరన్డ్, సార్, ఆర్ షల్ ఐ గెట్ యు ఏన్ ఐరన్?" అన్నాడట. ఆయన కాసేపు ఆలోచించి పెట్టే ఇమ్మన్నాడట.